చెన్నై ఎండల్లో బీటిల్ ఇంజన్ ఆయిల్ వేడిని అదుపులో ఉంచుకోవడం ఎలా?

చెన్నైలో పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉన్నవారు మార్చి దాటగానే అదనపు ఆయిల్ కూలర్ ఎక్కడ దొరుకుతుందని వాకబు చేయడం మొదలుపెడతారు. నిజానికి ఆ ప్రశ్న చివరగా అడగవలసినది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఈ ఇంజన్‌కు ఉన్న గాలి దారి, రేకులు, రబ్బర్లు అన్నీ యథాస్థానంలో ఉంటే చాలా కార్లకు కొత్త కూలర్ అవసరమే రాదు. అవి లేనప్పుడు ఎంత పెద్ద కూలర్ తగిలించినా ఆయిల్ ముల్లు కొంత దిగుతుందే తప్ప సిలిండర్ హెడ్డు (సిలిండర్ల చివర బిగించే మూత) ఉడకడం ఆగదు.

రేడియేటరూ నీళ్లూ లేని ఈ ఇంజన్‌లో వేడిని బయటకు మోసేవి రెండే: ఫ్యాన్ తోసే గాలి, లోపల తిరిగే రెండున్నర లీటర్ల ఆయిల్. గాలి తన వాటా మోయకపోతే ఆ బరువంతా ఆయిల్ మీద పడుతుంది. వేడెక్కిన ఆయిల్ పలచబడి బేరింగుల దగ్గర ఒత్తిడి నిలుపుకోలేదు. అందుచేత కింద చెప్పిన పనులను చెప్పిన వరుసలోనే చేయండి. కొలతలన్నీ బీటిల్‌లోని టైప్ 1 ఇంజన్‌వి. ఫియట్ 500, సిట్రోయెన్ 2సీవీ, పాత పోర్షే 911 వంటి బండ్లకు సూత్రం ఇదే అయినా అంకెలు వేరు కనుక వాటికి ఆయా మాన్యువళ్లనే చూసుకోవాలి.

మొదట కొలవండి

చేత్తో ముట్టుకుని వేడి అంచనా వేయడం మానేసి ఒక థర్మామీటర్ పెట్టించుకోండి. అన్నిటికంటే సులువైనది డిప్‌స్టిక్ స్థానంలో దిగే థర్మామీటర్. డ్యాష్‌బోర్డు మీద ముల్లు కావాలంటే సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చోట) సెన్సర్ బిగించుకోవచ్చు. సెన్సర్లలో 120 డిగ్రీల రకం, 150 డిగ్రీల రకం అని రెండున్నాయి. మీటరు ఒక రకానిదీ సెన్సర్ మరో రకానిదీ అయితే ముల్లు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది. బిగించే ముందు సెన్సర్ కొనను మరిగే నీళ్లలో ముంచి, దాని ఒంటి నుంచి బ్యాటరీ నెగటివ్‌కు ఒక తీగ కలిపి, ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడండి. చెన్నై సముద్రమట్టానికి దగ్గరగా ఉంది కనుక ఇక్కడ నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇదే పరీక్ష బెంగళూరులో, అంటే 900 మీటర్లకు పైన ఉన్న ఊళ్లో చేస్తే 97 డిగ్రీలు అనుకోవాలి.

ఇంజన్ బాగా నడుస్తున్నప్పుడు ఆయిల్ 80 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండాలి. 120 దగ్గరకు వస్తే వేగం తగ్గించండి. 130 వైపు పోతుంటే బండి ఆపండి. అలాగని ఆయిల్ ఎప్పుడూ 70 దాటకపోవడం కూడా మంచిది కాదు. మైలాపూరు నుంచి టి.నగర్‌కు వెళ్లి వచ్చేపాటి చిన్న ప్రయాణాలే చేసే కార్లలో ఆయిల్‌లోకి చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరైపోయేంత వేడి పుట్టదు. ఆ కారును వారానికి ఒకసారైనా అరగంటకు పైగా ఏకధాటిగా నడపాలి.

ఆ తరువాత రెండు మూడు వారాల పాటు ఒక చిన్న పుస్తకంలో బయటి ఎండ ఎంత, ఎంత వేగంతో వెళ్లారు, ఆయిల్ ఎంత వేడెక్కింది అని రాసుకోండి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద మహాబలిపురం వరకు ఒకే వేగంతో పోయి రావడం ఇందుకు బాగా పనికొస్తుంది. ఫిబ్రవరిలో ఒక అంకె, మే నెల కర్తరి రోజుల్లో మరో అంకె రావడం సహజం. ఎండ పది డిగ్రీలు పెరిగితే ఆయిల్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. అంతకు మించి పెరిగితేనే ఇంజన్‌లో ఏదో మారిందని అర్థం. వీలైతే 3వ సిలిండర్ ప్లగ్గు కింద వాషర్‌లా కూర్చునే హెడ్డు సెన్సర్ కూడా పెట్టించండి. ఆయిల్ నిదానంగా వేడెక్కుతుంది, హెడ్డు నిమిషాల్లో వేడెక్కుతుంది కనుక ప్రమాదాన్ని ముందుగా చెప్పేది అదే. అక్కడ 200 డిగ్రీలు దాటి నిలకడగా ఉంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తగ్గించాలి.

గాలి దారిని తనిఖీ చేయండి

వెనక అద్దం కింద ఉన్న చీలికల గుండా చల్లని గాలి ఇంజన్ గదిలోకి వస్తుంది. డైనమో ఇరుసు మీదున్న ఫ్యాన్ దాన్ని లోపలికి పీల్చి, పెద్ద రేకు తొడుగు గుండా నాలుగు సిలిండర్ల రెక్కల మీదికి తోస్తుంది. వేడెక్కిన గాలి కారు కిందకు పోతుంది. పైన చల్లని గాలి, కింద వేడి గాలి. ఈ రెండిటినీ వేరు చేసే గోడే ఇంజన్ చుట్టూ ఉన్న రేకులు. మన గ్యారేజీల్లో ఇంజన్ దింపి ఎక్కించిన ప్రతిసారీ ఆ రేకుల్లో ఒకటో రెండో అడ్డంగా ఉన్నాయని పక్కన పడేయడం మామూలైపోయింది. సైలెన్సర్ నుంచి, తారు రోడ్డు నుంచి పైకి లేచే వేడి ఆ ఖాళీల్లోంచి ఇంజన్ గదిలోకి ఎక్కి, ఫ్యాన్ ఆ వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది.

వెనక మూత ఎత్తి, పగటిపూట, ఇంజన్ ఆపి, లోపలి నుంచి కిందకు చూడండి. రోడ్డు కనిపించిన ప్రతి చోటా ఒక లోపం ఉన్నట్టే లెక్క. ఇంజన్ రేకుకూ బాడీకీ మధ్య చుట్టూ ఉండవలసిన రబ్బరు బీడింగ్ ఎండి పగిలిపోయి ఉంటే కొత్తది వేయించండి. ప్లగ్గు వైర్ల మీద రేకు రంధ్రాన్ని మూసే రబ్బరు బిళ్లలు నాలుగూ ఉన్నాయో లేదో చూడండి. అవి లేని రంధ్రం నుంచి సరిగ్గా ప్లగ్గు దగ్గర, అంటే చల్లదనం అన్నిటికంటే ఎక్కువ కావలసిన చోట, గాలి వృథాగా పైకి తన్నుకుపోతుంది.

చెన్నై కార్లలో తరచు కనిపించే మరో లోపం హీటర్‌కు సంబంధించినది. ఈ ఊళ్లో హీటర్ ఎవరికీ అక్కరలేదు కనుక హీటర్ బాక్సులు తీసేసి మామూలు గొట్టాలు వేస్తారు. అందులో తప్పు లేదు. కాని ఫ్యాన్ తొడుగు నుంచి ఆ బాక్సులకు గాలి పంపే రెండు నోళ్లను తెరిచి వదిలేస్తారు, దాంతో సిలిండర్లకు చేరవలసిన గాలిలో కొంత అటే పోతుంది. ఆ రెండు నోళ్లకూ మూతలు బిగించండి. ఈ మొత్తం పనిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చేది మరొకటి లేదు.

ఫ్యాన్ గాలి పీల్చే నోరు తొడుగుకు ముందువైపున, అంటే వెనక సీటు గోడ వైపున ఉంటుంది. వెనక నుంచి చూస్తే కనబడదు. ఒక చిన్న అద్దం, టార్చిలైటు తీసుకుని ఆ సందులో చూడండి. చెట్ల కింద ఆపే కార్లలో ఎండుటాకులు, నెలల తరబడి కదలని కార్లలో ఎలుకల గూళ్లు దొరుకుతాయి. తుడిచే గుడ్డను ఇంజన్ గదిలో మరిచిపోతే స్టార్ట్ చేయగానే అది నేరుగా ఫ్యాన్‌లోకి పోతుంది, కనుక మూత వేసే ముందు గుడ్డలు లెక్క చూసుకునే అలవాటు మంచిది.

తొడుగు లోపల కింది భాగంలో రెండు వైపులా గాలిని నియంత్రించే రేకు తలుపులు ఉంటాయి (1965కు ముందటి ఇంజన్లలో వీటి బదులు ఫ్యాన్ నోటి దగ్గర ఒక వలయం ఉండేది). 1, 2 సిలిండర్ల కింద ఉన్న థర్మోస్టాట్ 65 నుంచి 70 డిగ్రీల మధ్య వ్యాకోచించి ఆ తలుపులను తెరుస్తుంది. మన ఊళ్లో చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ ఎప్పుడో మాయమైపోయింది. అది ఉంటే పనిచేస్తున్నదో లేదో చూడండి. లేకపోతే తలుపులు పూర్తిగా తెరుచుకున్న స్థితిలో కదలకుండా బిగించి ఉన్నాయని నిర్ధారించుకోండి. సగంలో వేలాడే తలుపు అసలు తలుపు లేకపోవడం కంటే చెడ్డది. బయట మార్కెట్‌లో దొరికే మెరిసే కొత్త తొడుగుల్లో గాలిని పంచే లోపలి రేకులు కొన్నిటికి ఉండనే ఉండవు. అందుకే తుప్పు పట్టిన అసలు తొడుగును బాగుచేయించుకోవడమే మేలని నా అభిప్రాయం.

చివరగా బెల్టు. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే అది 15 మిల్లీమీటర్ల మేర లోపలికి పోవాలి. వదులైతే డైనమో పుల్లీ రెండు ముక్కల మధ్య ఉన్న పల్చని వాషర్లలో ఒకటి తీసి బయటి వైపు, నట్టు కింద పెట్టండి; పారేయకండి, కొత్త బెల్టు వేసినప్పుడు అది మళ్లీ లోపలికి పోవాలి. నట్టు విప్పేటప్పుడు పుల్లీ తిరగకుండా దాని అంచులో ఉన్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి ఆపాలి. ఒక బెల్టును, 21 నంబరు స్పానర్‌ను ఎప్పుడూ కారులోనే ఉంచండి.

3వ సిలిండర్ సంగతి

కారు వెనక నిలబడి ముందుకు చూస్తే ఎడమ చేతి వైపు ముందున్నది 3వ సిలిండర్. 1970 వరకు వచ్చిన మోడళ్లలో ఆయిల్ కూలర్ తొడుగు లోపలే, ఆ వైపు సిలిండర్లకు ఎగువన, గాలికి అడ్డంగా నిలబడి ఉండేది. కూలర్‌ను దాటి వేడెక్కిన గాలే 3వ సిలిండర్‌కు చేరేది, అందుకే ఈ ఇంజన్లలో మొదట కాలిపోయేది దాని ఎగ్జాస్ట్ వాల్వే. 1971 మోడల్ నుంచి ఫోక్స్‌వ్యాగన్ కూలర్‌ను తొడుగు బయటకు జరిపి, దానికి విడిగా గాలి దారి ఇచ్చి, ఫ్యాన్‌ను కూడా వెడల్పు చేసింది. దీనినే బీటిల్ వాళ్లు డాగ్‌హౌస్ కూలర్ అంటారు.

మీది పాత రకమైతే, డబ్బు ఖర్చు పెట్టదలచుకుంటే, బయటి కూలర్ కంటే ముందు ఈ మార్పు చేయించండి. అయితే తొడుగు, వెడల్పు ఫ్యాన్, కూలర్, దాని అడుగు దిమ్మ, రేకులు అన్నీ ఒక సెట్టుగా రావాలి. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో అడిగినా, పుదుప్పేటలో పాత సామాన్ల మధ్య వెతికినా, విదేశం నుంచి తెప్పించుకున్నా, కూలర్ నుంచి వచ్చే వేడి గాలిని ముందు రేకు దాటించి కారు కిందకు పంపే ఆ చిన్న రేకు గొట్టం ఉందా అని ముందు అడగండి. సాధారణంగా తప్పిపోయేది అదే. అది లేకుండా బిగిస్తే కూలర్ వేడి మళ్లీ ఇంజన్ గదిలోకే చేరే ప్రమాదం ఉంది.

కూలర్ ఏ రకమైనా, ఇంజన్ దింపిన ప్రతి సందర్భంలో దాన్ని విప్పి రెక్కల మధ్య గడ్డకట్టిన నూనె మురికిని కిరోసిన్‌తోనూ మెత్తని బ్రష్‌తోనూ కడిగించండి. దాని అడుగున ఉండే రెండు రబ్బరు సీళ్లను తప్పక కొత్తవి వేయించండి. హెడ్డు విప్పినప్పుడు ఎగ్జాస్ట్ వైపు రెక్కల సందుల్లోకి వెలుతురు వేసి చూడండి. పోత పోసినప్పుడు మిగిలిపోయిన లోహపు పొర కొన్ని సందులను మూసేసి ఉంటుంది. సన్నని ఆకురాయితో ఓపికగా దాన్ని తొలగిస్తే ఆ సందు మొదటిసారిగా గాలి చూస్తుంది.

ఆయిల్, దాని వాల్వ్

ఎండ ఎక్కువని అన్నిటికంటే చిక్కని ఆయిల్ పోయమనే సలహా మీకు తప్పక ఎదురవుతుంది. దాన్ని పాటించే ముందు ఇంజన్ అడుగున పుల్లీ వైపున్న రిలీఫ్ వాల్వ్ ఏం చేస్తుందో తెలుసుకోవాలి. ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు ఒత్తిడి పెరిగి ఆ వాల్వ్‌లోని పిస్టన్ కిందకు దిగుతుంది, ఆయిల్ కూలర్‌లోకి పోకుండా పక్కదారి పడుతుంది. ఆయిల్ వేడెక్కి పలచబడినప్పుడే పిస్టన్ పైకి లేచి కూలర్ దారి తెరుచుకుంటుంది. అంటే అవసరానికి మించి చిక్కనైన ఆయిల్ పోస్తే అది కూలర్‌ను తప్పించుకుని తిరుగుతూనే ఉంటుంది. చెన్నైకి ఎస్‌ఏఈ 40 గాని 20డబ్ల్యూ-50 గాని సరిపోతుంది. ఇంజన్ బిగువుగా, కొత్తగా కట్టించినదైతే 20డబ్ల్యూ-40 కూడా చాలు. ఈ ఇంజన్ ట్యాపెట్లు (వాల్వులను కదిలించే ముక్కలు) క్యామ్ మీద రాసుకుంటూ నడిచే పాతకాలపు రకం కనుక జింకు తగినంత ఉన్న ఆయిల్ ఎంచుకోండి.

ఆ పిస్టన్ కిందనే ఇరుక్కుపోతే ఆయిల్ ఎప్పటికీ కూలర్‌లోకి పోదు. పైన ఇరుక్కుంటే ఉదయం స్టార్ట్ చేయగానే ఆ ఒత్తిడికి కూలర్ లేదా దాని సీళ్లు పగులుతాయి. అందుకని ఏడాదికొకసారి ఆయిల్ మార్చేటప్పుడు వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో ఆ వాల్వ్ మూత విప్పండి. స్ప్రింగు, పిస్టన్ వాటంతట అవే జారి చేతిలో పడాలి. పడకపోయినా, పిస్టన్ మీద గీతలు కనిపించినా తీసి శుభ్రం చేయాలి లేదా మార్చాలి. 1970 మోడల్ నుంచి ఫ్లైవీల్ వైపు ఇలాంటి రెండో వాల్వ్ కూడా ఉంటుంది. రెండిటి స్ప్రింగులను కలిపేయకండి.

ఈ ఇంజన్‌కు కాగితపు ఫిల్టర్ లేదు, సంప్‌లో ఒక జల్లెడ మాత్రమే ఉంది. కనుక 5,000 కిలోమీటర్లకు, దుమ్ములో ట్రాఫిక్‌లో తిరిగే కారైతే ఇంకా ముందే, ఆయిల్ మార్చాలి. జల్లెడ పళ్లేన్ని పట్టి ఉంచే ఆరు చిన్న నట్లను మెగ్నీషియం మిశ్రమంతో చేసిన ఇంజన్ బాడీలోని స్టడ్లకు బిగిస్తారు. వాటిని చేతి పొడవు రాడ్డుతో బిగిస్తే మర ఊడిపోతుంది, చిన్న స్పానర్‌తో మణికట్టు బలం మాత్రమే వాడండి. ప్యాకింగులు రెండూ, రాగి వాషర్లు ఆరూ కొత్తవి వేయండి. ఆయిల్ మట్టాన్ని చదునైన చోట, ఇంజన్ ఆపిన ఐదు నిమిషాల తరువాత చూడండి. పై గీత దాటించి పోస్తే చల్లబడుతుందని అనుకోవద్దు. నురగ కట్టి ఇంకా వేడెక్కుతుంది.

వేడి పుట్టే చోట తగ్గించండి

గాలి, ఆయిల్ సరిగా ఉన్నాక కూడా ముల్లు దిగకపోతే ఇంజనే ఎక్కువ వేడి పుట్టిస్తున్నదని అర్థం. ముందు ట్యాపెట్లు చూడండి. రాత్రంతా ఆరిన ఇంజన్‌లో వాల్వ్ సందు 0.15 మిల్లీమీటర్లు, మెకానిక్కుల లెక్కలో ఆరు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఆరు), ఉండాలి. 3వ సిలిండర్ ఎగ్జాస్ట్ సందు ప్రతిసారీ తగ్గిపోతూ కనిపిస్తే సందు సరిచేసి ఊరుకోకండి, ఆ వాల్వ్ సాగుతున్నదో సీటు అరుగుతున్నదో తేల్చాలి.

టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం, ఒకే ఇంజన్‌లో కూడా ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను బట్టి మారుతుంది. పాత వాక్యూమ్ రకాలు చాలావాటికి టాప్ డెడ్ సెంటర్‌కు (పిస్టన్ హెడ్డు వైపు చివరంటా చేరిన స్థానానికి) 7.5 డిగ్రీల ముందు. 1970ల మొదట్లో రెండు గొట్టాలతో వచ్చిన వాక్యూమ్ రకానికి 5 డిగ్రీల తరువాత. ఈ రెండోదాన్ని చూసి అది తప్పనుకుని ముందుకు తిప్పేసిన కార్లు ఉన్నాయి. 009 రకం డిస్ట్రిబ్యూటర్ ఉంటే ఐడిల్‌లో కాక 3,000 ఆర్‌పీఎమ్ పైన లైటుతో చూసి, మొత్తం అడ్వాన్స్ 32 డిగ్రీలు దాటకుండా పెట్టించండి. చెవితో విని టైమింగ్ పెట్టే పద్ధతిని ఈ ఇంజన్ క్షమించదు.

తరువాత కార్బ్యురేటర్. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. శుద్ధ పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ ఇ20కి దాదాపు 13.5 కిలోలు చాలు. 1960లలో పెట్టిన జెట్టు (పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రం) మారలేదు కనుక మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది, పలచని మిశ్రమం హెడ్డును కాలుస్తుంది. మెయిన్ జెట్టును ఒకటి రెండు సైజులు పెంచి, హైవే మీద నడిపి, ప్లగ్గుల రంగు చూడండి. తెల్లగా సున్నంలా ఉంటే ఇంకా పలచగా ఉన్నట్టు, లేత గోధుమ రంగులో ఉంటే సరిగా ఉన్నట్టు. అదే సమయంలో పాత రబ్బరు పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవాటితో మార్చేయండి. ఈ కార్లు మంటల్లో పడడానికి అవే ప్రధాన కారణం.

టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకులు కూడా చూసుకోవాలి, అవి ఇంజన్ మీద అనవసరపు బరువు.

నడిపే తీరు

మౌంట్ రోడ్డు జామ్‌లో ఇంజన్ ఉడికిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. ఐడిల్‌లో ఇంజన్ పుట్టించే వేడి తక్కువ, రేకులూ రబ్బర్లూ సరిగా ఉంటే ఆ కాస్త గాలి దానికి సరిపోతుంది. అసలు పరీక్ష నెల్లూరు హైవే మీద మిట్టమధ్యాహ్నం గంటల తరబడి 100 కిలోమీటర్ల వేగం దగ్గర నడపడమే. గాలి నిరోధం వేగంతో చాలా త్వరగా పెరుగుతుంది కనుక 100 నుంచి 80కి దిగితే ఆయిల్ వేడిలో స్పష్టమైన తేడా కనిపిస్తుంది. మే నెలలో దూర ప్రయాణాలను తెల్లవారుజామున పెట్టుకోండి.

ఫ్యాన్ తిరిగేది కారు వేగంతో కాదు, ఇంజన్ వేగంతో. కనుక ఏలగిరి 14 మలుపుల వంటి ఎక్కుడులో నాలుగో గేరులో ఇంజన్‌ను మూలిగించడం కంటే మూడులోకో రెండులోకో దించి, యాక్సిలరేటర్ సగమే తొక్కుతూ, చురుగ్గా తిప్పడం మంచిది. పెట్రోలు కాస్త ఎక్కువైనా హెడ్డు చల్లగా ఉంటుంది. హైవే పరుగు ముగించి టీ కోసం ఆగినప్పుడు వెంటనే ఇంజన్ ఆపకండి. ఒక నిమిషం ఐడిల్‌లో వదిలితే ఫ్యాన్ మిగిలిన వేడిని తోసేస్తుంది.

దీనికి మినహాయింపు ఒక్కటే. నడుస్తుండగా డైనమో ఎర్ర లైటు వెలిగితే బెల్టు తెగి ఫ్యాన్ ఆగిపోయి ఉండవచ్చు. పక్కకు తీసి తక్షణం ఇంజన్ ఆపండి. ఇంటికి నాలుగు కిలోమీటర్లే కదా అని నడిపితే పిస్టన్లు పట్టేస్తాయి. వేడి మీద ఐడిల్‌లో ఆయిల్ లైటు మిణుకుమనడం వేరే సంగతి. అది ఆయిల్ పలచబడిందనీ బేరింగులు అరుగుతున్నాయనీ చెప్పే గుర్తు, దానికి కూలర్ మందు కాదు.

అప్పటికీ వేడిగా ఉంటే

ఇవన్నీ చేసి, ఎండాకాలంలో 80 వేగంలో కూడా ఆయిల్ 120 దాటుతుంటే, లేదా మీ ఇంజన్ సిలిండర్లు పెద్దవి చేసి శక్తి పెంచినదైతే, అప్పుడు బయటి కూలర్ న్యాయమే. దాన్ని ఫ్యాన్ నోటికి ఎదురుగా మాత్రం పెట్టకండి, ఆ వేడంతా సిలిండర్లకే పోతుంది. వెనక చక్రం పైన గేర్‌బాక్స్ పక్కన, గాలి ఆడే చోట, చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్‌తో బిగించండి. 80 డిగ్రీలు దాటాకే తెరుచుకునే థర్మోస్టాట్ దానికి తప్పనిసరి, లేకపోతే డిసెంబరు వానల్లో ఆయిల్ ఎప్పుడూ చల్లగానే ఉండిపోతుంది. ఎలాగూ గొట్టాలు వేస్తున్నారు కనుక అదే దారిలో ఒక స్పిన్-ఆన్ ఫిల్టర్ కూడా చేర్చండి. ఫ్యాక్టరీ కూలర్‌ను తీసేయకండి, రెండూ ఉండాలి.

గొట్టాలు పెట్రోలువీ నీళ్లవీ కాక ఆయిల్ ఒత్తిడికి తయారైనవే వాడండి. సైలెన్సర్‌కు తగలకుండా, బాడీ అంచుకు రాసుకోకుండా క్లిప్పులతో పట్టించండి. ఇంజన్ మొదటిసారి నడిపి ఆపిన తరువాత కూలర్‌లో నిండిన మేర సంప్‌లో ఆయిల్ తగ్గుతుంది, ఆ లోటు పోసి, థర్మోస్టాట్ తెరుచుకునేంత దూరం నడిపి, మట్టాన్ని మళ్లీ చూసి, ప్రతి జాయింటు కిందా పొడి గుడ్డ పెట్టి తుడిచి చూడండి.